ముగ్గుకు సరిపోయే సంఖ్య

గురువారం పదకొండు గంటలకు బొబ్బిలి నుంచి ఒక మెయిలు వచ్చింది.

"అమ్మా, నమస్కారం. నా పేరు గంటా అప్పలనరసయ్య. పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యాను. నాకూ మీ బిళ్ల ఉంది. కార్డు వెనకాల మీరు అచ్చేసిన పెద్ద నెంబరు మీద చిన్న సందేహం. అది ముగ్గుకు సరిపోతోంది. ఒకసారి చూడగలరు."

నవ్వొచ్చింది. మా శ్వాస కేంద్రానికి రోజుకు రెండు వందల ఉత్తరాలొస్తాయి. బిళ్ల పెట్టించుకున్నాక పెసరట్టు పడటం లేదని ఒకరు, బిళ్ల వల్ల ఫోను సిగ్నలు బాగుపడిందని ఒకరు. ముగ్గు గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు. ఆ కొత్తదనానికి ముచ్చటపడి మెయిలు చివరిదాకా చదివాను. చదవకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను.

తొమ్మిదేళ్ల కిందట ఇచ్ఛాపురం నుంచి తుని దాకా ఊళ్లన్నిటినీ నిద్రజ్వరం చుట్టబెట్టింది. బతికి బయటపడ్డవాళ్లకు ఒక లోపం మిగిలింది. మెలకువగా ఉన్నంతసేపు ఊపిరి బాగానే ఆడుతుంది. నిద్ర పట్టగానే మెదడు ఊపిరి సంగతి మరిచిపోతుంది. అప్పుడు మా కేంద్రం డైరెక్టరు వరహాలరావు గారు ఊపిరి బిళ్ల కనిపెట్టారు. రూపాయి నాణెమంత ఉంటుంది, మెడ ఎముక కింద పెడతారు. మనిషి నిద్రపోతే అది మేలుకుంటుంది, నిమిషానికి పన్నెండుసార్లు ఊపిరి కండరాన్ని తట్టి లేపుతుంది. ఇప్పుడు నలభై ఒక్క వేల రెండు వందల పదహారు మంది ఒంట్లో ఆ బిళ్ల ఉంది. వాళ్లలో ఒకరు మా ఆయన పైడిరాజు.

బిళ్లకు చెవులే గాని నోరు లేదు. టవర్ల మీంచి కేంద్రం చెప్పింది వింటుంది, చేస్తుంది. అన్ని బిళ్లలకూ ఒకటే మాట. నెమ్మదించమంటే అన్నీ నెమ్మదిస్తాయి, ఆగమంటే అన్నీ ఆగుతాయి. ఎవడు పడితే వాడు ఆగమనకుండా దానికొక తాళం పెట్టాం. ఆ తాళం మూడు వందల తొమ్మిది అంకెల సంఖ్య. కేంద్రంలో అందరం దాన్ని 'పెద్దాయన' అంటాం. పెద్దాయన ప్రధాన సంఖ్య. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగం కాడు. ఆయన్ని ఎవరైనా రెండు ముక్కలు చేయగలిగితే తాళం ఊడిపోతుంది. ముక్కలు కాని సంఖ్యను దాచుకోవడం దేనికని ప్రతి కార్డు వెనకా అచ్చేయించాం. అంత ధీమా మాది.

ఇక అప్పలనరసయ్య గారి ముగ్గు. ఒక చుక్క, దాని కింద రెండు, ఆ కింద మూడు, ఇలా వరసలు పేర్చుకుంటూ పోతే మొత్తం చుక్కలు ఒకటి, మూడు, ఆరు, పది, పదిహేను అవుతాయి. ఆయన భార్య ధనుర్మాసంలో వీధి గుమ్మం ముందు నిలబడి "ఇన్ని చుక్కలతో ముగ్గు కుదురుతుందా?" అని అడిగేదట. ఆవిడ పోయాక ఆయన కనపడ్డ ప్రతి సంఖ్యకూ ఆ పరీక్ష పెట్టడం మొదలుపెట్టాడు. ప్రతి ఆదివారం ఇంటర్నెట్‌లో తన పేజీ మీద ఒక సంఖ్య గుణాలు రాస్తాడు. అంకెల మొత్తం ఎంత, దేనితో భాగమవుతుంది, తిరగరాస్తే ఏమవుతుంది, ఆఖర్న 'ముగ్గుకు సరిపోతుందా లేదా'. పరీక్ష చాలా తేలిక. సంఖ్యను ఎనిమిదితో హెచ్చవేసి ఒకటి కలపాలి. వచ్చినదానికి వర్గమూలం నిశ్శేషంగా దిగితే ముగ్గు కుదిరినట్టు.

మూడు కంటే పెద్ద సంఖ్య ఏది ముగ్గుకు సరిపోయినా అది ప్రధాన సంఖ్య కాదు. ఆ మాట ఇంటర్ పిల్లలైనా నిరూపించగలరు.

పెద్దాయన్ని ఎనిమిదితో హెచ్చవేశాను. ఒకటి కలిపాను. వర్గమూలం దిగింది. శేషం సున్నా.

యంత్రం తప్పు చేసిందనుకుని మళ్లీ చేశాను. మళ్లీ సున్నా. దాని మీంచి ఇంకో రెండు మెట్లు దిగితే చాలు, పెద్దాయన రెండు ముక్కలై తెర మీద పడి ఉన్నాడు. రెండో ముక్క మొదటిదానికి సరిగ్గా రెట్టింపు కన్నా ఒకటి తక్కువ. అనుకోకుండా అలా పడదు. ఎవరో కావాలని చేసిన పని. నా టీ ఇంకా చల్లారలేదు.

ఎనిమిదేళ్ల కిందట పెద్దాయనకు మేం బారసాల చేశాం. నవ్వులాటకే. ఒక పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా తేల్చడానికి దాన్ని భాగించుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఇంకో సంఖ్యను సాక్షిగా పిలిచి ఒక లెక్క చేయిస్తారు. అబద్ధపు సంఖ్య అయితే నలుగురు సాక్షుల్లో కనీసం ముగ్గురు దాని గుట్టు బయటపెడతారు. ఎటుపడితే అటు పన్నెండుమంది సాక్షుల్ని పిలిస్తే అందరూ కలిసి మోసపోయే అవకాశం కోటీ అరవై ఏడు లక్షల్లో ఒకటి కూడా ఉండదు. ఆ 'ఎటుపడితే అటు' అన్నదే ప్రాణం. మేం దాన్నే తీసి పక్కన పెట్టాం. అప్పుడు కేంద్రంలో పన్నెండుమందిమి. ఎవరి పుట్టినరోజు వాళ్లు సాక్షిగా ఇద్దామని నేనే అన్నాను. రెండు రోజుల ముందే తేదీలు రాసి నోటీసు బోర్డుకు అంటించాను. అందరూ తమ తేదీలిస్తే నేను మాత్రం మా ఆయనది ఇచ్చాను. ఆయన అప్పుడు జ్వరం నుంచి కొత్తగా లేచారు. ఆయన ఊపిరికి ఆయనే సాక్షి అని నాకో ముచ్చట. చలిమిడి పంచుకున్నాం. పన్నెండు తేదీలూ ఒక్కొక్కటే వచ్చి "ప్రధాన సంఖ్యే" అని సాక్ష్యం చెప్పాయి. చప్పట్లు కొట్టాం.

ఆ తేదీలు ముందే చూసినవాడికి, వాటన్నిటినీ మోసం చేసే సంఖ్యను తయారు చేయడం యంత్రంతో రెండు రోజుల పని. సంఖ్యను పట్టుకొచ్చింది వరహాలరావు గారు. ఆయన తర్వాత ఆ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను.

అప్పలనరసయ్య గారికి ఫోను చేశాను.

"ఈ ఆదివారం ఆ నెంబరు పేజీలో పెట్టకండి బాబుగారూ. ఎందుకని అడక్కండి."

"అయ్యో, పెట్టనమ్మా. గవర్నమెంటు మాట కాదంటానా? మరి ముగ్గు కుదిరినట్టేనా?" అన్నాడాయన, పసిపిల్లాడిలా.

"కుదిరింది" అన్నాను.

*

పెందుర్తిలో మా ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. మా ఆయన హైస్కూల్లో డ్రిల్ మాస్టారు. వేసవి సెలవులు, భోజనం చేసి చాప మీద వాలిపోయి ఉన్నారు. పక్కన కూర్చుని ఆయన పొట్ట ఎగిసిపడటం లెక్కపెట్టాను. నిమిషానికి పన్నెండు. ఇంకో నిమిషం లెక్కపెట్టాను. పన్నెండు. పదమూడోది రావలసిన చోట నా ఊపిరి ఆగిపోయింది. అది వచ్చాక భుజం పట్టుకుని కుదిపేశాను.

"ఏటి బిందూ, ఆఫీసు ఎత్తీసేరా?"

"లేవండి. నేను పక్కన లేనప్పుడు నిద్రపోకండి."

"ఇన్నాళ్లకి నా మీద ప్రేమ పుట్టింది కాబోలు" అని నవ్వి, నా మొహం చూసి లేచి కూర్చున్నారు. ఆయనకు మొత్తం చెప్పాను. చెప్పకూడదు. కేంద్రం రహస్యం ఇంట్లో చెప్పడం అదే మొదటిసారి.

ఆయన చాలాసేపు మెడ ఎముక కింద వేళ్లతో తడుముకున్నారు.

"మిగతావాళ్లకి చెప్పేవా?"

"చెబితే అందరికీ తెలుస్తుంది. తెలిస్తే ఎవడో ఒకడు తెరుస్తాడు. మీకు తెలీదు, ఆ లెక్క ఎంత తేలికో."

"మరి నాకెందుకు చెప్పేవు?"

"మీరు నా మొగుడు కాబట్టి."

"అది మాత్రం అన్యాయమే" అన్నారు మెల్లగా. తర్వాత నా భయం తగ్గించడానికి లేచి నిలబడి, బడిలో చేయించినట్టే చేతులు చాచి "ఒకటీ... రెండూ... మూడూ... నాలుగూ" అంటూ డ్రిల్ మొదలుపెట్టారు. నిద్ర ముంచుకొస్తే ఇలా చేస్తానన్నారు. నేను మాత్రం పది నిమిషాలకోసారి ఫోను చేస్తానన్నాను. చేశాను కూడా. ఆ రోజు, మర్నాడు, ఆ మర్నాడు, పది నిమిషాలకోసారి ఆయన ఫోను మోగుతూనే ఉంది. నేను ఇంట్లో ఉన్న రెండు మూడు గంటలే ఆయనకు నిద్ర. అప్పుడు ఆయన నిద్రపోతారు, నేను లెక్కపెడతాను.

*

శుక్రవారం ఉదయం భీమిలి వెళ్లాను. వరహాలరావు గారికి డెబ్బై ఎనిమిదేళ్లు. సముద్రం వైపు వరండాలో రేడియో పెట్టుకుని వాతావరణం వార్తలు వింటున్నారు. కాగితం మీద పెద్దాయన రెండు ముక్కలూ రాసి ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు సవరించుకుని మొదటి వరస చదివారు. కాగితం మడిచేశారు.

"ఎవరు పట్టుకున్నారు? నువ్వేనా బిందూ?"

"బొబ్బిలి పోస్టుమాస్టరు. ముగ్గు చుక్కలతో."

"ముగ్గా?" అని ఆయన చిత్రంగా చూశారు. "నేను ఎవరెవరి కోసమో కాపలా పెట్టేను. చుక్కలు పెట్టుకునేవాడొకడు ఉంటాడని తట్టనే లేదు."

"మీ దొంగతోవకి మా ఆయన పుట్టినరోజును కాపలా పెట్టారు సార్." గట్టిగానే అన్నాను. ఎనిమిదేళ్లు దేవుడిలా చూసిన మనిషి.

ఆయన కోప్పడలేదు. "పెద్దాయనకు ముందు, తుఫాను ఏడాది గుర్తుందా? కేంద్రంలోకి నీళ్లొచ్చి తాళం చెవులున్న గది మునిగిపోయింది. మూడు రోజులు మనం మూగబోయేం. బిళ్లలన్నీ బాగానే ఉన్నాయి. బ్యాటరీ పొదుపు చేసుకోమని చెప్పే దిక్కు లేక ముప్పై ఏడుగురు పోయేరు. ఆ తాళం నేను వేసినదే. ఇంకో చెవి లేకుండా మళ్లీ తాళం వెయ్యకూడదనుకున్నాను. చెవి ఉందని చెబితే దొంగ వస్తాడు. అందుకని ఎవరికీ చెప్పలేదు."

తిట్టడానికి వెళ్లినదాన్ని, సముద్రం చూస్తూ కూర్చున్నాను. ఆ ముప్పై ఏడుగురి పేర్లూ నాకు తెలుసు.

"కొత్త సంఖ్య పంపాలి" అన్నాను చివరికి.

"పంపొచ్చు. పాతదాన్ని వదిలి కొత్తదాన్ని పట్టుకోడానికి బిళ్లకి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలూ అది పలకదు. మేలుకున్నవాడికి ఏమీ కాదు." తర్వాతి మాట ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

నలభై ఒక్క వేల రెండు వందల పదహారు మంది ఒకేసారి మేలుకుని ఉండే నాలుగు నిమిషాలు కావాలి. అదీ ఎందుకో చెప్పకుండా.

*

శనివారమంతా అదే పని. 'ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు బిళ్ల పరీక్ష. మూడున్నర నుంచి మెలకువగా ఉండి ఫోన్లో ఒకటి నొక్కండి. పక్కన ఒక మనిషి ఉండాలి.' ప్రతి ఫోనుకూ అదే సందేశం. పసిపిల్లలకు తల్లులు నొక్కుతారు, ఆసుపత్రుల్లో నర్సులు నొక్కుతారు. ఫోను లేనివాళ్ల ఇళ్లకు ఆశా వర్కర్లు వెళ్తారు. వేటకెళ్లిన పడవలకు వైర్‌లెస్‌లో చెప్పారు. కొత్త సంఖ్యను నేను తయారు చేశాను. ఈసారి సాక్షులెవరో యంత్రమే ఎటుపడితే అటు తీసింది, నేను చూడను కూడా చూడలేదు. ముగ్గు పరీక్ష మాత్రం నా చేత్తో చేశాను. వర్గమూలం దిగలేదు. శనివారం ఇంటికి వెళ్లలేదు. అంటే ఆ రోజు మా ఆయనకు నిద్ర లేదు. ఫోను చేసినప్పుడల్లా "ఒకటీ... రెండూ..." వినపడేది. గొంతు ముద్దగా అయిపోయింది.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి అప్పలనరసయ్య గారి పేజీ తెరిచాను. ఊరికే, మనసు కుదుటపడటానికి.

'బిళ్ల కార్డు వెనక ఉన్న సంఖ్య గుణాలు ఈ వారం ఇవ్వవలసి ఉంది. శ్వాస కేంద్రం వారి కోరికపై ప్రచురించడం లేదు. పాఠకులు మన్నించగలరు.'

వెంటనే ఫోను చేశాను. "ఎందుకు రాశారండీ ఆ మాట?"

"అబద్ధం రాయలేను కదమ్మా" అన్నాడాయన కంగారుగా. "పద్దెనిమిదేళ్లలో ఒక్క ఆదివారం ఖాళీ వదల్లేదు. కారణం చెప్పకపోతే నాకేదో అయిపోయిందనుకుంటారు. నెంబరు పెట్టొద్దన్నారు, పెట్టలేదు. తప్పు చేసేనా?"

పేజీకి తొమ్మిది వందలమంది పాఠకులు, అందరూ ఆయనలాంటివాళ్లే. ఏమీ రాయకుండా ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు తొమ్మిది వందలమందీ ఎక్కడో ఒక కార్డు సంపాదించి తిరగేస్తారు. అంకెల మొత్తం కూడతారు. తిరగరాసి చూస్తారు. ఆఖర్న ముగ్గు పరీక్ష చేస్తారు. పద్దెనిమిదేళ్లుగా ఆయన నేర్పిన వరస అదే. ఆ మాట తీసేయమన్నాను. తీసేశాడు. అప్పటికే దాన్ని నాలుగొందలమంది చదివారు.

వరహాలరావు గారు భీమిలి నుంచి కారు చేసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. మూడున్నరకు అంకె దిగడం మొదలైంది. నొక్కనివాళ్లు నలభై ఒక్క వేలు, ఇరవై వేలు, ఆరు వేలు. మూడు నలభైకి తొమ్మిది వందలు. జనం ఎంత బుద్ధిమంతులో ఆ రోజు చూశాను. ఎందుకో తెలియకపోయినా చెప్పినట్టు చేశారు.

మూడు నలభై ఏడుకు పేజీలో ఒక వ్యాఖ్య వచ్చింది. పార్వతీపురంలో ఇంటర్ చదువుతున్న అమ్మాయి. 'మాస్టారూ, ముగ్గుకు సరిపోయింది! కారణాంకాలు కూడా వచ్చేశాయి, ఇవిగో' అని రెండు సంఖ్యలూ మొత్తం రాసి, పక్కన నవ్వుతున్న బొమ్మ పెట్టింది. పెద్దాయన ముక్కలు ఇప్పుడు లోకమంతటివీ.

మూడు యాభై అయిదు. నొక్కనివాళ్లు ముప్పై ఏడుగురు. మూడు యాభై ఏడు. ఆరుగురు. మూడు యాభై ఎనిమిది. ఒక్కరు.

అదే నిమిషంలో అనకాపల్లి టవరు దగ్గర మా యంత్రం కూసింది. ఎవరో బయటి నుంచి బిళ్లలతో మాట్లాడే ప్రయత్నం చేశారు. ఆకతాయో, దుర్మార్గుడో. మొదటిసారి కుదరలేదు. తాళంలో చెవి పెట్టి తిప్పుతున్న చప్పుడు విన్నట్టయింది.

"ఆ ఒక్కరూ ఎవరు?" అన్నారు వరహాలరావు గారు.

పేరు మీద నొక్కాను. రేజేటి పైడిరాజు, పెందుర్తి.

మూడు రోజులుగా నిద్ర లేని మనిషి. నేను నిద్ర లేకుండా చేసిన మనిషి. నలభై ఒక్క వేల మందిలో నేను మేలుకొలిపి ఉంచింది ఒక్కరిని, ఆ ఒక్కరే నిద్రపోయారు. ఫోను చేశాను. మోగింది, మోగింది, ఆగింది. మళ్లీ చేశాను. మూడు రోజులు పది నిమిషాలకోసారి మోగించి మోగించి ఆ మోతను ఆయన చెవికి జోలపాట చేశాను. పక్కింటి సన్యాసమ్మ గారిని మూడున్నర నుంచి ఆయన దగ్గర కూర్చోమని చెప్పి ఉన్నాను. ఆవిడకు చేశాను. ఎత్తలేదు. డ్రైవరును పంపాను. వాడు చేరడానికి పాతిక నిమిషాలు.

నాలుగు గంటలా ఒక నిమిషం. అనకాపల్లి మళ్లీ కూసింది. ఈసారి దగ్గరికి వచ్చారు. కూత ఎక్కువసేపు ఉంది. వాళ్లు ముందు తెరిస్తే తాళం వాళ్లే మార్చేస్తారు, ఆ తర్వాత ఏ బిళ్లా మా మాట వినదు.

"నేను నొక్కుతానమ్మా" అన్నారు వరహాలరావు గారు. ఆయన కళ్లలో నీళ్లు. "పాపం నాది."

"సాక్ష్యం నాది సార్" అన్నాను.

మీట ఎర్రది, బఠాణీ గింజంత ఉంటుంది. ఆ సమయంలో దేవుణ్ని తలచుకోలేదు. మా ఆయన పొట్ట ఎగిసిపడటం ఒక్కటే కళ్ల ముందు ఉంది. నొక్కాను.

నలభై ఒక్క వేల రెండు వందల పదహారు బిళ్లలూ మూగబోయాయి.

మొదటి నిమిషం సన్యాసమ్మ గారి ఫోను మోగుతూనే ఉంది. రెండో నిమిషంలో ఎత్తారు.

"ఏటమ్మా, మబ్బేసిందని మేడెక్కి వడియాలు తీస్తన్నాను. మాస్టారు బాగానే ఉన్నారు, ఇందాక డ్రిల్ చేస్తన్నారు..."

"మా ఆయన్ని లేపండి! ఇప్పుడే! పరుగెత్తండి!"

మెట్ల మీద ఆవిడ అడుగులు వినపడ్డాయి. తలుపు బాదడం వినపడింది. "గడేసుందమ్మా! మాస్టారూ! ఓ మాస్టారూ!" గడియ వేసుకోమన్నది కూడా నేనే. కొత్తవాళ్లెవరినీ లోపలికి రానివ్వవద్దని గురువారం నుంచి పోరుతున్నాను. మూడో నిమిషం. "కిటికీ పగలగొట్టండి!" ఆవిడ పొత్రం తెచ్చినట్టుంది. అద్దం పగిలింది. ఊచలు అడ్డం. ఊచల్లోంచి చెయ్యి పెట్టి గడియ కోసం వెతుకుతూ ఆవిడ ఏడుస్తున్నారు. నాలుగో నిమిషం. తలుపు తెరుచుకుంది.

"లెగట్లేదమ్మా. నీలంగా అయిపోనారు. మాస్టారూ! మాస్టారూ!" చెంపలు వాయిస్తున్న చప్పుడు. నేను తెర వైపే చూస్తున్నాను. అక్కడ నాలుగు నిమిషాల గడియారం సున్నాకు వచ్చింది. కొత్త సంఖ్య మొత్తం పంపేసినట్టు టవర్లన్నీ ఒక్కొక్కటే పచ్చబడ్డాయి.

ఫోన్లో ఏమీ వినపడలేదు. తర్వాత చిరిగిన గుడ్డ లాగినట్టు ఒక చప్పుడు.

"తీసుకున్నారు" అన్నారు సన్యాసమ్మ గారు. "ఊపిరి తీసుకున్నారమ్మా."

అనకాపల్లి మూడోసారి కూసింది. ఈసారి తాళం వేరు. ఎంత తిప్పినా ఊడలేదు.

*

విచారణ జరిగింది, పేపర్లలోనూ వచ్చింది. నోటీసు బోర్డు, పుట్టినరోజులు, చలిమిడి, అన్నీ చెప్పాను. మా ఆయనకు మాత్రమే ముందు చెప్పిన సంగతీ చెప్పాను. వరహాలరావు గారు తన తప్పు తానే రాసి సంతకం పెట్టారు. ఒక్క ప్రాణమూ పోలేదు కాబట్టి కమిటీవాళ్లు మాకు టీ ఇచ్చారు. ఆ టీ నేను తాగలేకపోయాను.

అప్పలనరసయ్య గారు పేజీ మూసేశారు. మొన్న పోస్టులో ఆయన దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది. కొత్త కార్డు వెనక అచ్చయిన సంఖ్య గుణాలు గుండ్రటి చేతిరాతతో రాసి పంపారు. అంకెల మొత్తం, తిరగరాస్తే వచ్చేది, ఆఖరి వరసలో 'ముగ్గుకు: సరిపోదు'. దాని కింద చిన్న అక్షరాలతో 'మాస్టారు గారు కులాసా అని తలుస్తాను'.

మాస్టారు గారు కులాసాగానే ఉన్నారు. నన్ను గుర్తుపడతారు. ఆఫీసు ఎత్తీసేరా అని వెక్కిరిస్తారు. అన్నం తింటారు, పాటలు వింటారు. బడికి మాత్రం వెళ్లడం లేదు. ఊపిరి లేని నాలుగు నిమిషాల్లో ఆయన తలలోంచి ఏం పోయిందో డాక్టర్లు ఏవో పేర్లు చెప్పారు. నాకు తెలిసింది ఒక్కటే. ఆయన లెక్కపెట్టలేరు. ఇరవై రెండేళ్లు ఎండలో నిలబడి పిల్లల చేత అంకెలు పలికించిన మనిషి.

మధ్యాహ్నాలు ఆయన నిద్రపోతారు, నేను పక్కన కూర్చుని పొట్ట వైపు చూస్తాను. పన్నెండు. పన్నెండు. కొత్త సంఖ్య నిజమైనదే అని నాకు తెలుసు, లెక్క ప్రకారం తెలుసు. అయినా పదమూడోది వచ్చేదాకా నా ఊపిరి ఆడదు. నా బతుక్కి ఇక అంతే.

నిన్న సాయంత్రం వాకిట్లో ముగ్గుపిండితో చుక్కలు పెట్టి చూపించాను. ఒకటి. దాని కింద రెండు. ఆ కింద మూడు. ఆయన నా చేతిలోంచి పిండి తీసుకుని, నాలుక కొద్దిగా బయటపెట్టి, నాలుగో వరసలో నాలుగు చుక్కలూ తనే పెట్టారు. సంతోషంతో నా వైపు చూశారు. తర్వాత చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"నాలుగు తర్వాత ఏటి, బిందూ?"

"ఐదు" అన్నాను.

ఆయన తల ఊపి, మళ్లీ మొదటి చుక్క దగ్గరికి వెళ్లి, వేలితో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నాలుగు దగ్గరికి వచ్చి ఆగి, నా మొహం చూశారు.